త్రిమూర్తులు గారి కుర్చీ, కంప్యూటర్లో కుక్క

నాచారం పారిశ్రామికవాడలో, మల్లాపూర్ వైపు తిరిగే మలుపు దగ్గర, సాలమ్మ వాల్వ్స్ అని ఒక చిన్న కార్ఖానా ఉండేది. సాలమ్మ అంటే యజమాని రామస్వామి తల్లి. బాయిలర్లకి బిగించే ఇనుప వాల్వులు అక్కడ తయారయ్యేవి. సరుకు గేటు దాటిన ప్రతిసారీ దాని వెంట ఒక టెస్ట్ సర్టిఫికెట్ పోవాలి. నీళ్ళ ఒత్తిడి పెట్టి పరీక్షించాం, ఎక్కడా కారలేదు అని అందులో ఉంటుంది. ఆ కాయితం లేని వాల్వు పాత ఇనుము కింద లెక్క. ఆ కాయితాలు కొట్టే మనిషి త్రిమూర్తులు.

ఆయనది అమలాపురం పక్క పల్లె. టైపు హయ్యర్ పాసై, ఎనభై ఆరులో హైదరాబాదు వచ్చి, నాలుగు కంపెనీల గుమ్మాలెక్కి దిగి, ఐదో గుమ్మం దగ్గర స్థిరపడిపోయాడు. ఇల్లు బోడుప్పల్‌లో. రోజూ ఉప్పల్ చౌరస్తాలో బస్సు మారి నాచారం చేరతాడు. రెండువేల రెండులో రామస్వామి టైపు మిషను తీయించి కంప్యూటరు పెట్టిస్తే ఆయనేమీ బెదరలేదు. పాత మిషను కాయితాన్ని బయటికి ఇచ్చేసేది, ఇది లోపల దాచుకుంటుంది, అంతే తేడా అని తేల్చేశాడు. దాచుకున్నదాన్ని మళ్ళీ బయటికి తీయడం ఎట్లా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయనా ఎవరికీ చెప్పలేదు.

ఏది రాసినా పైన శ్రీ పెట్టడం ఆయన చేతికి చిన్నప్పుడే అంటుకుంది. కూరగాయల చీటీకి కూడా పెడతాడు. శ్రీ లేని చీటీ పట్టుకెళితే వంకాయలు పుచ్చుతాయా అని భార్య సత్యవేణి ఒకసారి అడిగింది. కంప్యూటరు ఫైలుకి పేరు పెట్టమని అడిగినప్పుడు కూడా ఆయన వేళ్ళు ముందు ఆ మూడు ఇంగ్లీషు అక్షరాల మీదికే పోయాయి. శ్రీ వాల్వ్, శ్రీ వాల్వ్ న్యూ, శ్రీ వాల్వ్ న్యూ టూ. శ్రీ లెటర్, శ్రీ లెటర్ ఫైనల్, శ్రీ లెటర్ ఫైనల్ న్యూ. ఐదేళ్ళు తిరిగేసరికి నాలుగు వేల పైచిలుకు ఫైళ్ళు పోగయ్యాయి, అన్నీ శ్రీకారంతోనే. అవి ఉండే ఫోల్డర్లకి మాత్రం ఆయన పేర్లు పెట్టలేదు. కంప్యూటరు తనంతట తాను పెట్టిన పేర్లే ఉంచాడు. న్యూ ఫోల్డర్ అరవై మూడు దాకా వచ్చింది. దైవభక్తి వల్ల ఎవరికి ఏం ఒరిగిందో చెప్పలేం గానీ, ఆ ఆఫీసులో త్రిమూర్తులు గారికి మాత్రం రిటైరయ్యేదాకా ఉద్యోగ భద్రత ఒరిగింది.

ఎందుకంటే ఆ రాశిలోంచి కాయితం తీయగలిగింది ఆయన ఒక్కడే. పద్ధతి కూడా ఆయనదే. ఎవరైనా వచ్చి ఫలానా సర్టిఫికెట్ కావాలంటే ముందు కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతాడు. కళ్ళు మూసుకుంటాడు. "అదా. ఆ రోజు మా బావమరిది పెళ్ళిచూపులండి. బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చాను. ఉప్మాలో ఉప్పు లేదు," అంటాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, న్యూ ఫోల్డర్ ముప్ఫై ఒకటి తెరిచి, ఎనిమిదో పదో ఫైళ్ళు తెరిచి మూసి, ఇరవై నిమిషాల్లో కాయితం చేతిలో పెడతాడు. ఈలోగా వచ్చినవాడు టీ తాగాలి, పెళ్ళిచూపుల సంగతి మొత్తం వినాలి. సాక్షాత్తూ రామస్వామి కూడా వినేవాడు. ఆఫీసులో కిటికీ పక్కన, ఫ్యాను కింద ఉన్న ఆ ఒక్క కుర్చీకి అందరూ ఇచ్చే మర్యాద అది.

రెండువేల ఏడు చివర్లో గౌతమి చేరింది. జనగామ పిల్ల, హబ్సిగూడ హాస్టల్లో ఉంటూ డిగ్రీ పూర్తి చేసింది. పని పెరిగింది కదా అని రామస్వామి రెండో కంప్యూటరు కొని, దాన్ని మొదటిదానికి వైరుతో కలిపించి, ఆమెను త్రిమూర్తులు ఎదురుగా కూర్చోబెట్టాడు. వారం రోజులు ఆమె వినయంగా పెళ్ళిచూపులూ బారసాలలూ వింది. ఎనిమిదో రోజున రామస్వామి గుమ్మంలో నిలబడి, "మూర్తులు, బొల్లారం పార్టీకి రాసిన లెటర్ జర తియ్యి," అన్నాడు. త్రిమూర్తులు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"దొరికింది సార్," అంది గౌతమి.

కళ్ళు మూసుకోబోతున్న త్రిమూర్తులు ఆగాడు. "ఎక్కడ దొరికిందమ్మా?"

"న్యూ ఫోల్డర్ పద్నాలుగుల. కుక్కకు చెప్పిన, దెచ్చిచ్చింది."

"ఆఫీసులో కుక్కేవిటి?"

ఆయన లేచి వెళ్ళి చూశాడు. నిజంగానే తెర మీద ఎడమ పక్కన ఒక పసుప్పచ్చ కుక్క బొమ్మ కూర్చుని తోక ఆడిస్తోంది. ఆ రోజుల్లో కంప్యూటరుతో పాటే వచ్చే వెతుకులాట సరంజామాకి కంపెనీవాళ్ళు కాపలా పెట్టిన కుక్క అది. ఫైలు పేరేమిటి, లోపల ఏ మాట ఉంది, ఎప్పుడు మార్చారు అని అడుగుతుంది. తెలిసినంత చెబితే చాలు, మిగతాది అది చూసుకుంటుంది. ఆయన కంప్యూటర్లో కూడా ఐదేళ్ళుగా ఉంది. ఎవరూ పిలవలేదు కాబట్టి బయటికి రాలేదు.

"ఏం జెప్పినవ్ బిడ్డా దానికి?" అన్నాడు రామస్వామి తెర మీదికి వంగి.

"లోపల బొల్లారం అని ఉన్నదేందో చూడుమన్న సార్. నలభై సెకన్లు గూడ పట్టలే."

"మస్తుంది," అన్నాడు రామస్వామి. తర్వాత ఏ ఉద్దేశమూ లేకుండానే, "గిన్నొద్దులు నేను ఉప్మా ముచ్చట్లు వింటిని," అన్నాడు.

ఆ మాట త్రిమూర్తులుకి బాగా లోపలికి దిగింది. మధ్యాహ్నం అన్నాల వేళ లేతు మిషన్ల దగ్గరి మనుషులు ముగ్గురు చేతులు తుడుచుకుంటూ వచ్చి కుక్కని చూసి వెళ్ళారు. ఒకడు దానికి పేరు పెట్టమన్నాడు. ఇంకొకడు దానికి జీతమెంత అని అడిగి, త్రిమూర్తులు వైపు చూసి, నవ్వు ఆపుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే సత్యవేణి చిక్కుళ్ళు వలుస్తూ శ్రద్ధగా వింది.

"అది కరుస్తుందా?"

"బొమ్మే, కరవడమేవిటి?"

"మరి మీకెందుకండీ భయం?"

"భయమని ఎవరన్నారు? పద్ధతి ఉండాలంటున్నాను. మనిషికి తెలిసిన సంగతి కుక్కనడగడం ఏం పద్ధతి?"

మర్నాటి నుంచి ఆయన కుక్కని పరీక్షించడం మొదలుపెట్టాడు. గౌతమి భోజనానికి వెళ్ళగానే తన కంప్యూటర్లో దాన్ని పిలిచి, శ్రీ అని కొట్టాడు. కుక్క వెతకడానికి పూనుకుంది. ఒక ఫైలు, వంద, వెయ్యి, రెండు వేలు. ఆమె తిరిగొచ్చేసరికి నాలుగువేల రెండువందల పన్నెండు చూపించి, ఇంకా ఏమైనా సాయం కావాలా అని అడుగుతోంది.

"చూశావా గౌతమీ, మీ కుక్క పనితనం," అన్నాడు ఆయన, చాలా రోజుల తర్వాత హాయిగా.

"అన్నిటికి శ్రీ పెట్టింది మీరే గద సార్. అది ఏం జేస్తది పాపం." ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, "తీసేద్దమా? ఒక్క పూట పని," అంది.

"ఏది తీసేది?"

"శ్రీ."

ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు. "రేపు బొట్టు కూడా తీసేయమంటావు."

"బొట్టు ఒక్కలకు ఒక్కటే పెట్టుకుంటం గద సార్. మీరు కుర్చీకి, బల్లకు, ఫ్యానుకు గూడ పెట్టిన్రు."

ఆ వాదంలో ఆయనకి జవాబు దొరకలేదు. దొరక్కపోవడంతో అది ధర్మసూక్ష్మమైపోయింది. మన దేశంలో ధర్మసూక్ష్మాలు చాలావరకు ఇట్లాగే పుట్టి ఉంటాయి.

ఒకరోజు ఆయన కుక్క పక్కనున్న చిన్న అక్షరాలు చదువుతూంటే, బొమ్మ లేకుండా కూడా పెట్టుకోవచ్చనే ఏర్పాటు కనబడింది. అటూ ఇటూ చూసి, గౌతమి కంప్యూటర్లో దాన్ని నొక్కాడు. కుక్క లేచింది, వెనక్కి తిరిగింది, తోక వాల్చుకుని నడుచుకుంటూ దూరంగా వెళ్ళి చిన్నదై మాయమైపోయింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. గెలిచానని అనుకోబోయిన త్రిమూర్తులుకి ఎందుకో మనసు కలుక్కుమంది. ఇంటికి వెళ్ళే బస్సులో కూడా ఆ నడకే కళ్ళ ముందు ఉంది.

మర్నాడు పొద్దున గౌతమి తెర చూసింది. ఆయన చూపు కిటికీ మీద ఉంది.

"కుక్కను ఎవరో ఎల్లగొట్టిన్రు సార్," అని, ఏ మాటో కొట్టి, అరనిమిషంలో కావలసిన ఫైలు తెరిచింది. "ఫికర్ లేదు. అది ఉత్త బొమ్మనే. వెతికేది వేరే ఉంటది."

అంటే పగబట్టవలసిన శత్రువుకి మొహం కూడా లేదన్నమాట. ఆయన మధ్యాహ్నం చడీచప్పుడు లేకుండా కుక్కని మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టాడు. తిట్టుకోవడానికైనా ఒక మొహం ఉండాలి కదా.

రెండువేల ఎనిమిది ఆగస్టులో ఆడిట్ వచ్చింది. నాణ్యత సర్టిఫికెట్ నిలుపుకోవాలంటే ఏటా బయటి నుంచి ఆడిటరు వచ్చి రికార్డులు తిరగేసి పోతాడు. ముందురోజు రామస్వామి ఇద్దరినీ పిలిచాడు. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది ఆయనకి. తల గోక్కున్నాడు.

"మూర్తులు, నువ్వేం అనుకోకు. గేటు దగ్గర రాసే పిలగాడు పోయిండు. వచ్చే బండ్లు, పోయే బండ్లు రాయనీకి ఒక నమ్మకమైన మనిషి గావాలె. ఇక్కడేమో గీ పిల్ల నిమిషంల తీస్తున్నది. రేపు ఆడిట్ల జూస్తా. కాయితం ఎవరు తీస్తే వాళ్ళకు కిటికీ కాడి కుర్చీ. ఇంకొకళ్ళకు గేటు."

జీతం తగ్గదు, ఆ సంగతి కూడా చెప్పాడు. కానీ గేటు దగ్గర రేకుల షెడ్డు కింద స్టూలు మీద కూర్చుని లారీ నంబర్లు రాసుకోవడం ఏమిటో, ఇన్నేళ్ళు ఫ్యాను కింద కూర్చుని కళ్ళు మూసుకున్న మనిషికే తెలుస్తుంది. గౌతమికి గేటు ఎట్లాగూ రాదు. పోటీ ఎవరి మధ్యో ఆయనకి అర్థమైంది. తనకీ, తోక ఆడించే బొమ్మకీ.

ఆడిటరు కామరాజు సన్నటి మనిషి. టీ వద్దన్నాడు, బిస్కెట్లు వద్దన్నాడు. అంటే ప్రమాదకరమైన మనిషి. షెడ్డులో తిరుగుతూ, బాగుకోసం తిరిగొచ్చిన ఒక పాత వాల్వు దగ్గర ఆగి, మీద చెక్కిన నంబరు చీటీ మీద రాసుకుని ఆఫీసులోకి వచ్చాడు.

"వెయ్యిన్నూట నలభై ఏడు. దీని టెస్ట్ సర్టిఫికెట్ చూపించండి. పది నిమిషాలు చాలు కదా?" అని గడియారం చేతి నుంచి విప్పి బల్ల మీద పెట్టాడు.

అచ్చు కాపీలు అటక మీది అట్టపెట్టెల్లో ఉండేవి గానీ వాటిని అంతకు ముందే చెదలు ఆడిట్ చేసేశాయి. మిగిలింది కంప్యూటరే. గౌతమి అప్పటికే నంబరు కొట్టేసింది. కుక్క తల వంచి ఏదో పుస్తకం తిరగేస్తున్నట్టు నటించింది. రెండు నిమిషాలు. ఏమీ లేదంది.

"సర్టిఫికెట్ వాల్వు వాల్వుకీ ఉండదమ్మా," అన్నాడు త్రిమూర్తులు నెమ్మదిగా. "వెయ్యిన్నూట ఒకటి నుంచి వెయ్యిన్నూట అరవై దాకా అని జట్టు మొత్తానికీ ఒకటే కొడతాను. మధ్యలో నంబరు అందులో ఎట్లా ఉంటుంది?"

"మరి మొదటి నంబర్ గొట్టాల్నా?"

"అది ఏ జట్టులోదో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకూ తెలీదు. ఊరికే లెక్క చెప్పాను."

"ఏ పార్టీకి పోయింది సార్ ఈ వాల్వు?" అని ఆమె రామస్వామిని అడిగింది. ఆయన కరెంటు ప్లాంటు పేరు చెప్పాడు. ఆమె అది కొట్టింది. ఈసారి కుక్క ఉత్సాహంగా మూడువందల పదిహేడు ఫైళ్ళు తెచ్చి పడేసింది.

"గిన్ని ఏంది సార్? గీ ప్లాంటుకు మనం గింత సరుకు పంపినమా?"

త్రిమూర్తులు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏ సర్టిఫికెట్టూ కొత్తగా కొట్టడు. పాతది తెరిచి, పైన పేరూ నంబర్లూ మార్చి, ఇంకో పేరుతో దాస్తాడు. మొట్టమొదటిది ఆ ప్లాంటుకి కొట్టాడు. కాయితం అడుగున సన్న అక్షరాల్లో వాళ్ళ నిబంధనల ప్రకారం పరీక్షించామని ఒక లైను ఉంటుంది. కింది లైను ఎవరు చదువుతారని దాన్ని మార్చలేదు. ఆరేళ్ళుగా ఏ ఊరికి ఏ వాల్వు పోయినా ఆ ప్లాంటు పేరు మోసుకుంటూనే పోయింది.

కామరాజు గడియారం వైపు చూశాడు. "ఆరు నిమిషాలైంది."

రామస్వామి మొహం మీద చెమట పట్టింది. ఆ మనిషి మొహం చూసి త్రిమూర్తులు ఎప్పటి అలవాటు కొద్దీ కళ్ళజోడు తీసి బల్ల మీద, కామరాజు గడియారం పక్కన పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ప్లాంటుకి వాల్వులు. నంబరు వెయ్యి దాటాక వాళ్ళకి ఒక్కసారే పంపాం. చాలా తొందర పెట్టారు. ఆ రోజు... ఆ రోజు నేను నడిచానండి."

"ఏమిటి?" అన్నాడు కామరాజు.

"ఉప్పల్ చౌరస్తా నుంచి ఇక్కడి దాకా నడిచాను. బస్సులు ఆపేశారు. ఉప్పల్ స్టేడియంలో మొట్టమొదటి వన్డే మ్యాచ్. ముందురోజు కార్తీక పున్నమి, పగలంతా ఉపవాసం. కాళ్ళు వణుకుతుంటే హబ్సిగూడలో ఆగి చెరుకు రసం తాగాను. వచ్చి ఆ సర్టిఫికెట్టే కొట్టాను. షెడ్డులో ఒక్క మనిషి లేడు, అందరూ మ్యాచ్‌కే..."

మామూలుగా అయితే ఇక్కడి నుంచి చెరుకు రసం సంగతి ఒక పావుగంట సాగాలి. గౌతమి సాగనివ్వలేదు.

"ఏ సంవత్సరం సార్?"

"రెండువేల ఐదు. నవంబరు. బుధవారం."

ఆమె గోడ మీది క్యాలెండరు వైపు చూడబోయి మానేసి, కంప్యూటర్లోనే ఆ నెల తెరిచి చూసింది. పున్నమి నెల సగంలో వచ్చిందని త్రిమూర్తులు అందించాడు. ఆ మర్నాటి బుధవారం, పదహారు. కుక్క అడిగే మూడో ప్రశ్న దగ్గర ఆ తేదీ కొట్టింది. ఈ ఫైలు ఎప్పుడు మార్చారు అన్నది ఆ ప్రశ్న. ఆరేళ్ళుగా త్రిమూర్తులు కళ్ళు మూసుకుని తనను తాను అడుగుతున్నది కూడా సరిగ్గా అదే. కుక్క తోక ఊపింది. రెండే ఫైళ్ళు.

శ్రీ లెటర్ న్యూ నైన్. శ్రీ వాల్వ్ న్యూ టెన్.

గౌతమి మొదటిది తెరిచింది. కామరాజు ముందుకు వంగి చదివాడు. మిషను చెడిపోయినందువల్ల సరుకు ఒకరోజు ఆలస్యమవుతుందని, దయచేసి మన్నించాలని ప్లాంటువారికి రామస్వామి సంతకంతో ఉత్తరం.

"మిషను చెడిపోయిందా?" అన్నాడు కామరాజు. "అందరూ మ్యాచ్‌కి వెళ్ళారని ఇప్పుడే అన్నారుగా?"

ఆ రోజు టికెట్టు సంపాదించి పొద్దున్నే స్టేడియానికి పోయిన రామస్వామి అటక మీది చెదలకేసి దీక్షగా చూస్తున్నాడు.

"అది కాదమ్మా, రెండోది," అన్నాడు త్రిమూర్తులు.

రెండోది తెరుచుకుంది. వెయ్యిన్నూట ఇరవై ఒకటి నుంచి వెయ్యిన్నూట ఎనభై వరకు, అరవై వాల్వులు, నీళ్ళ ఒత్తిడికి ఎక్కడా కారలేదు. పైన నడిమధ్య శ్రీ. కామరాజు గడియారం తీసి పెట్టుకున్నాడు. తొమ్మిది నిమిషాలు దాటింది, పది కాలేదు.

సాయంత్రం ఆయన రిపోర్టులో ఒకే ఒక లోపం రాశాడు. రికార్డు వెతికే పద్ధతి కాయితం మీద లేదు, రాసి పెట్టుకోవాలి. అది రాయించి పంపితే నాణ్యత సర్టిఫికెట్ నిలుస్తుంది. ఆయన గేటు దాటాక రామస్వామి కుర్చీ మాట ఎత్తలేదు. ఎవరు తీశారన్నది తేల్చడం ఆయన వల్ల కాలేదు.

"గేటుకు ఇంకో మనిషిని చూస్తలే," అని, "గా పద్ధతి ఏందో మీరిద్దరే కూసోని రాయున్రి," అన్నాడు.

గౌతమి చెప్పింది, కిటికీ పక్కన, ఫ్యాను కింద కూర్చుని త్రిమూర్తులు కొట్టాడు.

"ఒకటి, కాయితం కొట్టిన రోజు ఏం జరిగిందో త్రిమూర్తులు సారును అడగాలె. రెండు, ఆయన చెప్పిన తారీఖు కుక్కకు చెప్పాలె."

"కుక్క అని రాయొద్దమ్మా. పై వాళ్ళు చదువుతారు."

"మరి ఏం రాస్తరు?"

ఆయన కంప్యూటరు అని కొట్టాడు. అది అన్యాయమనిపించింది గానీ సరిదిద్దలేదు.

రెండువేల పదకొండులో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వెతకడానికి కింద మూలన చిన్న గడి, రెండక్షరాలు కొట్టేసరికే ఫైళ్ళు వచ్చి నిలబడుతున్నాయి. త్రిమూర్తులు మొదటిరోజు తెర నాలుగు మూలలా చూశాడు.

"కుక్కేదమ్మా?"

"దీంట్ల లేదు సార్. తీసేసిన్రు."

"నేనేం చేయలేదు," అన్నాడు ఆయన వెంటనే.

పద్ధతి కాయితం మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. రెండో అంశం మార్చారు. మొదటి అంశం ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఏడు ఆడిట్‌కి వచ్చిన కామరాజు మాత్రం, ఈయన రిటైరైతే ఎవరిని అడుగుతారని ప్రశ్న వేశాడు. దానితో గౌతమి ఒక పొడుగు నోటుబుక్కు కొనుక్కొచ్చింది. కాయితం కొట్టిన ప్రతిరోజూ ఆ రోజు సంగతి ఒక లైను అందులో రాయాలి. త్రిమూర్తులు పుస్తకం అందుకుని మొదటి పేజీ పైన తానే శ్రీ రాసి ఇచ్చాడు. ఆమె దాని కిందే తారీఖు వేసింది.

నెల తర్వాత పుస్తకం తెప్పించుకుని చదివాడు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం ముడుచుకుపోయింది.

"ఇదేవిటి, మంగళవారం బంద్ అన్నావు. బుధవారం కూడా బంద్. శుక్రవారం మళ్ళీ బంద్."

"బందులే అయినయ్ సార్. నేనేం జెయ్యాలె."

"అట్లా అన్నీ ఒకేలా రాస్తే రేపు తీసేవాళ్ళకి తేడా ఎట్లా తెలుస్తుంది? నీ రాతలో బందులూ నా శ్రీలూ ఒకటే అయ్యాయి. మంగళవారం నాడు ఎవరో టిఫిను తెచ్చారు కదా, అది రాయి."

"నేను జేసిన ఉప్మా, సార్. మీరే ఉప్పు లేదన్నరు."

"ఆ," అన్నాడు త్రిమూర్తులు, కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను మూత తీస్తూ. "అది దొరుకుతుంది."